ఆగిన గుడ్లు

పొడి, తొంభై ఒకటో రోజు

చేపలు పొదిగే ప్రతి ఇల్లూ రోజువారీ చిట్టా రాయాలని నీటి మండలి ఉత్తర్వు. చూసింది రాయమన్నారు కాబట్టి చూసిందే రాస్తాను. నచ్చకపోతే ఉత్తర్వు మార్చుకోండి.

పేరు జొన్నకూటి వసుధ. వయసు యాభై రెండు. కొత్తగట్టు, ఏడో వరస, పన్నెండో ఇల్లు. పూర్వం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. ఆ కాలేజీ ఇప్పుడు సముద్రంలో ఉంది.

బియ్యం డబ్బా పక్కన జిప్పు కవరు, దానిలో కొబ్బరి పొట్టు. పిడికిట పట్టి పిండితే చుక్క రాలనంత తడి. ఆ పొట్టులో కిల్లీ చేప గుడ్లు రెండు వందలు, ఒక్కోటి ఆవగింజ కన్నా చిన్నది. పోయినేడు మా వరస వాననీటి తొట్టి ఎండే ముందు గుడ్లు పెట్టి తల్లులు చచ్చిపోయాయి. ఈ చేప బతికేది నీళ్లున్న నాలుగు నెలలే. దాని సంతానం ఎండాకాలమంతా పొట్టులో పడి ఉండి, నీళ్లు తగిలినప్పుడు పుట్టి, దోమల లార్వాలను తింటుంది. మందుపొగకు మా దోమలు ఇప్పుడు తుమ్మను కూడా తుమ్మవు. తొట్టికి మూతలేశాం, వలలేశాం. పన్నెండు ఇళ్ల చూరు నీళ్లు దిగే గొట్టాల్లోంచే దోమ కూడా దిగుతోంది. మచ్చజ్వరానికీ మాకూ మధ్య అడ్డం ఈ చేప ఒక్కటే.

భూతద్దంలో చూశాను. గుడ్డులో కళ్లు ఏర్పడి, వాటి చుట్టూ బంగారు ఉంగరంలా మెరుపు రావాలి. అప్పుడు తడపాలి. ఇవాళ ఇరవై గుడ్లు చూస్తే నల్లచుక్కల్లా కళ్లు వచ్చినవి ఆరు. ఉంగరం ఒక్కదానికీ లేదు. కనీసం మూడు వారాలు ఆగాలి.

మండలి సందేశం: తడుపు గడియ గురువారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలు. అంటే మూడు రోజుల్లో.

పొడి, తొంభై రెండో రోజు

ఈ గడియ పెట్టేది ఒక యంత్రం. మొదట్లో అది ఎండ చూసి, పొట్టులో వేడి చూసి రోజు చెప్పేది. మంగళవారం చెబితే జనం తడపలేదు, అమావాస్య చెబితే తడపలేదు. జనం మాట వింటేనే యంత్రం పనిచేసినట్టని మండలి దానికి నేర్పింది. అది బుద్ధిగా నేర్చుకుంది. ఇప్పుడు అది గుడ్లను చూడటం మానేసి మనల్నే చూస్తోంది. మనకు నచ్చే వారం, నచ్చే తిథి వెతికి, పక్కన పన్నెండు నిమిషాలని ఓ అంకె తగిలిస్తుంది. అంకె ఉంటే చాలు, చదువుకున్నవాళ్లు కూడా దండం పెడతారు. చూస్తే డోకొస్తోంది.

ఇందులో నా వాటా కూడా రాయాలి. ఎనిమిదేళ్ల కిందట మండలి ఆఫీసు పక్క వరసలకు ముందు, మాలాంటి దూరపు వరసలకు ఆఖరున గుడ్లు ఇచ్చేవారు. 'ఒకే రోజు, అందరికీ ఒకే రోజు' అని పన్నెండు వ్యాసాలు రాసి, తొమ్మిది రోజులు నిరాహారదీక్షలో కూర్చున్నది నేనే. గెలిచాను. ఆ రోజు ఏదో ఎవరు తేలుస్తారని అడగలేదు. ఆ ప్రశ్న రాయని పన్నెండు వ్యాసాలూ ఇవాళ చదివితే నా మీద నాకే ఏవగింపుగా ఉంది.

పక్కింటి సామ్రాజ్యమ్మతో చెప్పి చూశాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఒకప్పుడు ఆసుపత్రిలో కాన్పుల ఆయా. ఇప్పుడు మా వరసలో గడియ పనులన్నీ ఆవిడ చేతిమీదుగానే జరుగుతాయి. కోడలు లిఖితకు ఏడో నెల. మచ్చజ్వరం గర్భిణికి సోకితే కడుపులో బిడ్డ బతకదు.

"సామ్రాజ్యమ్మత్తా, ఇప్పుడు తడిపితే చేపలు ఈదవు. నీ కోడలి కోసమైనా ఆగమని చెప్పు."

"నా కోడలి కోసమేనమ్మా గడియ తప్పనిచ్చేది లేదంటన్నా. గురువారం, తదియ, ఇంకేం కావాల? దేవుడు పెడితే దేవుడి మీద కోపం, మిషను పెడితే మిషను మీద కోపం నీకు. నీకు కుదిరే గడియంటూ ఒకటుందా అసలు?"

"గుడ్డుకు కుదిరే గడియ అత్తా."

"గుడ్డొచ్చి నీ చెవిలో చెప్పిందా?"

వరసంతా నవ్వింది.

తడి, మొదటి రోజు

నేను తడపనని తెలిసి వరస పర్యవేక్షకుడు ఫణీంద్ర స్వయంగా వచ్చాడు. ఇరవై ఏడేళ్లు. నా సబ్జెక్టులోనే ఎమ్మెస్సీ.

"మీ నోట్సు చదివే పాసయ్యానండి మేడమ్."

"అందులో పచ్చిగుడ్డు తడపమని ఏ పేజీలో ఉంది?"

"థియరీ వేరు కదండీ. పద్నాలుగో నిబంధన ప్రకారం గడియకు తడపని గుడ్లు జప్తు. మీవి జప్తు చేయడం నాకిష్టం లేక, నేనే తడిపేస్తున్నాను."

స్పీకరులో శంఖం మోగింది. నా వంటింట్లో, నా పళ్లెంలో, నా పొట్టు మీద చెంబుడు నీళ్లు పోశాడు. కుంకుమ కూడా చల్లబోతే చెయ్యి పట్టుకున్నాను. అతని గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. అది ఎందుకో మరీ అసహ్యంగా అనిపించింది.

సాయంత్రానికి అరవై ఒకటి పుట్టాయి. కనురెప్ప వెంట్రుక ముక్కల్లా ఉన్నాయి. పుట్టిన చేపపిల్ల పైకి లేచి ఒక్క బుక్క గాలి మింగి, కడుపులో గాలితిత్తి నింపుకోవాలి. అప్పుడే తేలుతుంది, ఈదుతుంది. ఇవి లేవలేదు. పళ్లెం అడుగున పొట్టమీద పాకుతున్నాయి. తల ఎత్తుతాయి, రెండంగుళాలు జరుగుతాయి, పడతాయి. మిగతా పదకొండు ఇళ్లకూ వెళ్లి చూశాను. అందరి పళ్లాల్లోనూ ఇదే పాకుడు. పళ్లాల చుట్టూ హారతులు.

తడి, రెండో రోజు

తలల లెక్క. తెల్లపళ్లెంలో ఎన్ని తలలుంటే అన్ని చేపలు. పాకే తలా తలేనట. మా వరసకు ఏడు వందల ముప్ఫై. ఫణీంద్ర ఆకుపచ్చ జెండా కట్టాడు, చప్పట్లు కొట్టారు, పాకుడు పిల్లలన్నిటినీ తొట్టిలో వదిలారు. అవి రాళ్లలా అడుక్కి పోయాయి. పైన, నీళ్ల అంచున, దోమ లార్వాలు తలకిందులుగా వేలాడుతూ హాయిగా ఊగుతున్నాయి. కింద చేపలు, పైన దోమలు, మధ్యలో ఐదడుగుల నీళ్లు, గట్టు మీద జెండా. పాలన అంటే ఇదే కాబోలు.

తడి, మూడో రోజు

ఇవాళ పురుడు. ఈ తంతును మండలి పెట్టలేదు. జనమే తెచ్చుకున్నారు. పిల్లలు పుట్టాక పళ్లెంలో మిగిలిన పొట్టును 'మాయ' అంటారు. అది మైల. మళ్లీ గడప దాటి లోపలికి రాకూడదు. తొట్టి వెనక గొయ్యి తీసి పూడ్చి, పైన పసుపునీళ్లు పోస్తారు. పన్నెండిళ్ల మాయనూ సామ్రాజ్యమ్మే పాతిపెడుతుంది.

నాది ఇవ్వలేదు. నీళ్లు వంపేసి, పొట్టు పిండి, పాత పేపరు మీద ఆరబెట్టాను. "మాయని ఇంట్లో ఆరబోసుకుందంట!" అని ఎదురింటివాళ్లు తలుపులు వేసుకున్నారు.

ఆరబోసిన పొట్టును భూతద్దంలో చూశాను. పుట్టనివి నూట ముప్ఫై దాకా ఉన్నాయి, అద్దంలా స్వచ్ఛంగా. చావలేదు, బూజు పట్టలేదు. నీళ్లు వచ్చినా నమ్మకుండా ఆగిపోయినవి ఇవి. మొదటి చినుక్కే అందరూ పుడితే, ఆ చినుకు వట్టిదైతే వంశం పోతుంది. అందుకే ఈ చేప గుడ్లు కొన్ని ఎప్పుడూ ఆగుతాయి. ఇరవై ఏళ్లు క్లాసులో చెప్పిన ముక్క ఇది. మూడు రోజులుగా కోపంలో నాకే గుర్తు రాలేదు.

అయితే మిగతా పదకొండు ఇళ్లవీ? గొయ్యిలో ఉన్నాయి. తొందరపడి పుట్టినవాటికి హారతి పట్టారు, ఆగినవాటిని పూడ్చారు. బతికున్న పద్నాలుగు వందల గుడ్లను మాయ అని పూడ్చిపెట్టి, పైన పసుపునీళ్లు చల్లి, భోజనాలకు కూర్చున్నారు.

తడి, ఐదో రోజు

ఎనిమిదో వరసలో ఆరో నెల గర్భిణికి మచ్చజ్వరం. బిడ్డ పోయింది. గడియకు తడిపేటప్పుడు ఆ ఇంట్లో ఎవరో తుమ్మారట. కారణం తేలిపోయిందని జనం తృప్తిగా చెప్పుకుంటున్నారు.

పట్టపగలు పలుగు తీసుకుని మాయ గొయ్యి దగ్గరికి వెళ్లాను. రెండు దెబ్బలు వేశానో లేదో సామ్రాజ్యమ్మ పరిగెత్తుకొచ్చింది.

"పాడు మనిషీ! పురిటి మాయ తవ్వుతావా? నీకు పిల్లా జెల్లా లేకపోతే మాకూ లేకుండా పోవాల్నా? ఇంట్లో నిండు చూలాలుంది నాకు!"

"నువ్వు పూడ్చింది మాయ కాదు. బతికున్న గుడ్లు."

"నోరు ముయ్యి. ముప్ఫై ఏళ్లు కాన్పులు చేసినదాన్ని. మాయంటే ఏందో నాకు చెబుతావా నువ్వు?"

ఉపన్యాసం మొదలుపెట్టాను. గాలితిత్తి, పరిణామం, మూఢనమ్మకం, మండలి కుట్ర. ఆవిడ పలుగు పట్టుకుని లాగుతోంది, నేను మాట్లాడుతూనే ఉన్నాను. సగంలో నా గొంతు నాకే వినబడింది. ఎనిమిదేళ్లుగా ఇదే గొంతు. ఈ వరసలో ఒక్కరి కంటికైనా ఒక్క గుడ్డు నేను చూపించలేదు. చెప్పాను, తిట్టాను, రాశాను. చూపించలేదు.

మట్టిలోంచి చిటికెడు పొట్టు తీసి, గోటి మీద ఒక గుడ్డు పెట్టి, భూతద్దం ఆవిడ చేతికిచ్చాను. "చూడు" అన్నాను. అంతే.

చాలాసేపు చూసింది.

"కదులుతోంది" అంది.

గుడ్డు జారకుండా నా వేలు ఆవిడ కంటి ఎదుటే పట్టుకుని ఉన్నాను.

"రెండు కళ్లున్నయి. లోపల చుట్ట చుట్టుకుని పడుకుంది." ఇంకాసేపు చూసింది. "మరి ఆ తొట్టిలో పాకేవి... నెలలు నిండనియ్యా? మనమే లాగేశామా?"

"అవును."

"ఆసుపత్రిలో ఇట్టాంటిది చేస్తే డాక్టరమ్మ చెంప పగలగొట్టేది నన్ను." పలుగు నా చేతిలోంచి లాక్కుంది. "నీకు తవ్వడం కూడా రాదు. పలుగుతో పొడిస్తే చితికిపోవా? చేత్తో తియ్యాల. జరుగు."

మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తీసింది. ఎదురింటి కిటికీల్లోంచి చూస్తున్నవాళ్లను ఒక కేక వేసింది. "ఏం చూత్తన్నారు? కవర్లు పట్రండి!"

పట్టుకొచ్చారు. నేను చెబితే రాని కవర్లు ఆవిడ తిడితే వచ్చాయి. సంతోషించాల్సిందే. నాకు మాత్రం నోరంతా చేదుగా ఉంది.

మళ్లీ పొడి, ఎనిమిదో రోజు

పన్నెండు కవర్లూ సామ్రాజ్యమ్మ పొయ్యిగట్టు పక్కన వెచ్చగా ఉన్నాయి. ఆవిడ రోజుకు మూడుసార్లు చూస్తుంది, వేలితో నొక్కి తడి పరీక్షిస్తుంది, నన్ను పిలిచి లెక్క అప్పజెబుతుంది. లిఖిత దోమతెరలోంచి బయటికి రావడం లేదు.

"ఆంటీ, నన్నూ ఓ జిప్పు కవర్లో పెట్టెయ్యండి, ఇద్దరం ఆగుతాం" అంటోంది.

మిగతా వరసల్లో మాయ పాతిపెట్టే ఆడవాళ్ల దగ్గరికి సామ్రాజ్యమ్మ వెళ్లొచ్చింది. నలుగురు విని తవ్వుకున్నారు. మూడు వరసలవాళ్లు తరిమేశారు, ఒకచోట పేడనీళ్లు పోశారు. "నేనైనా అదే పని చేసేదాన్ని" అంది చీర పిండుకుంటూ.

మళ్లీ పొడి, ఇరవై రెండో రోజు

ఉంగరాలు వచ్చాయి. చూసిన ఇరవైలో పద్దెనిమిదికి. ఇవాళ మంగళవారం, పైగా అమావాస్య.

సామ్రాజ్యమ్మ క్యాలెండరు వంక చూసింది, కవరు వంక చూసింది, కోడలి కడుపు వంక చూసింది. "నొప్పులొచ్చిన ఆడదాన్ని అమావాస్య అని ఆపుతామా?" అని కుండలోంచి చల్లనీళ్లు ముంచి పొట్టు మీద పోసింది. ఒక్క గంటలో మొదటిది బయటికొచ్చింది. అడుగున ఒక క్షణం ఆగింది. తోక విదిల్చి నిలువుగా పైకి పోయి, నీటి అంచును తాకి, అక్కడే నిలబడింది. దాని వెనక మరొకటి. తర్వాత లెక్కపెట్టలేకపోయాము.

సామ్రాజ్యమ్మ దండం పెట్టుకుంది. పెట్టుకోనీ అనుకుని నోరు మూసుకున్నాను. నాకు అలవాటు లేని పని.

మళ్లీ తడి, పద్దెనిమిదో రోజు

మొదటి వారం పళ్లాల్లోనే ఉప్పుమళ్లలో దొరికే సన్న పురుగును మేతగా వేసి పెంచి, తర్వాత తొట్టిలో వదిలాం. ఇప్పుడు చిటికెన వేలి గోరంత ఉన్నాయి. తొట్టి అంచున లార్వా కోసం వెతికితే దొరకడం లేదు.

ఫణీంద్ర వచ్చాడు. తొట్టి చూసి మురిసిపోయి, ఫొటోలు తీశాడు. "ఏడో వరసకు ఉత్తమ వరస పతకం మేడమ్! పది పన్నెండు గడియ ఎంత శ్రేష్ఠమో రుజువైంది."

"ఇవి ఆ గడియవి కావు. మాయ తవ్వి, అమావాస్య మంగళవారం తడిపినవి."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. చుట్టూ చూశాడు. "మేడమ్, నేను వినలేదు. విన్నానంటే పద్నాలుగో నిబంధన. గడియ తప్పి పుట్టిన చేప ఉన్న తొట్టి అశుద్ధం. ఎండగట్టాలి. పన్నెండిళ్లనూ కొత్త వానలదాకా మెట్ట షెడ్లకు పంపాలి."

మెట్ట షెడ్లంటే రేకుల కింద నాలుగు వందల మంది, ఒక్క మంచంమీదా దోమతెర లేదు. లిఖితకు తొమ్మిదో నెల.

"పాకేవాటిని నువ్వే లెక్కపెట్టావు కదయ్యా. నీకు తెలియదా?"

"తెలుసండి. తెలిసి ఏం చెయ్యమంటారు? నాక్కూడా ఇల్లుంది." అచ్చుకాగితం తీశాడు. "ఇది ఒక్కటి సంతకం పెట్టండి చాలు. చిట్టా పుస్తకం ఈ వానాకాలం అయ్యాక ఇద్దురుగాని. అది ఎవరు చదువుతారు లెండి."

కాగితం మీద ఒకే వాక్యం: 'గడియ పాటించాము, ఫలితం పొందాము.'

సామ్రాజ్యమ్మను తరిమేసిన ఆ మూడు వరసల కోసం నిజం ఇవాళే బయటపెట్టాలి. లిఖిత కోసం ఆపాలి. ఇటువంటి సందర్భంలో ఏం చెయ్యాలో ఇతరులకు ముప్ఫై ఏళ్లు రాసి చెప్పాను. సంతకం పెట్టాను. పెట్టి, చెయ్యి సబ్బుతో కడుక్కున్నాను.

మళ్లీ తడి, ఇరవై తొమ్మిదో రోజు

మండలి బులెటిన్: 'ఏడో వరస విజయం. వచ్చే ఏడాది గడియ మరో వారం ముందుకు.'

పదో వరసలో ఐదో నెల గర్భిణికి జ్వరం. బిడ్డ పోయింది. సామ్రాజ్యమ్మను తరిమేసిన వరసల్లో అది ఒకటి. నేను సంతకం పెట్టి పదకొండు రోజులైంది. మూర్ఖులని వాళ్లను తిట్టుకోబోయాను, నా నోటికే అసహ్యమేసింది. మాయ తవ్విన వరస, గడియ వల్లేనని ఒప్పుకుని పతకం తీసుకుంటుంటే ఆ గర్భిణి చూసింది. ఆవిడ ఎవరిని నమ్మాలి? నేను సంతకం పెట్టిన అబద్ధాన్ని నమ్మింది.

మళ్లీ తడి, ముప్ఫై మూడో రోజు

ఇవాళ ఉదయం లిఖిత కన్నది. ఆడపిల్ల. మూడు కిలోలు. జ్వరం లేదు. నెలలు నిండి పుట్టింది. సామ్రాజ్యమ్మే పట్టుకుంది.

మధ్యాహ్నం తల్లీబిడ్డలను పడవలో ఆసుపత్రికి పంపాం. అక్కడ నెలరోజులు ఉండనిస్తారు. పడవ మలుపు తిరిగాక సామ్రాజ్యమ్మ మా ఇంటికొచ్చి కూర్చుంది.

"ఇంక ఇచ్చెయ్ ఆ పుస్తకం."

"నీ పేరుంది అందులో. తీసేస్తాను."

"తీసెయ్యమాక. పదో వరస పిల్ల ఎవరి పేరు చూసి నమ్ముద్దనుకున్నావ్? నీదా?"

వరసలోవాళ్లను కూడా అడిగాను. తొట్టి ఎండగడితే షెడ్లకు పోవాల్సింది అందరూ. ఇద్దరు నన్ను బూతులు తిట్టారు. వాళ్ల తిట్లు న్యాయమైనవే. మిగతావాళ్లు మూటలు కడుతున్నారు.

మండలి వారికి. ఈ పుస్తకం ఇవాళ సాయంత్రం మీ మెట్ల మీద నిలబడి మొదటి పేజీ నుంచి పైకి చదువుతాను. నా సంతకం అబద్ధమని, ఆ అబద్ధం పదకొండు రోజుల్లో ఏం చేసిందని కూడా చదువుతాను. పది, పదకొండు, పదమూడు వరసలవాళ్లను రమ్మని కబురు పంపాము. వాళ్ల గోతుల్లో గుడ్లు ఇంకా బతికే ఉన్నాయి. చేత్తో తవ్వాలి, పలుగుతో కాదు.

మీరు పద్నాలుగో నిబంధన చదువుతారు. రేపో ఎల్లుండో పంపు తెచ్చి మా తొట్టి ఎండగడతారు. అశుద్ధమైన చేపలు కొట్టుకుని చస్తుంటే ఫొటో తీసి బులెటిన్లో వేస్తారు. వేసుకోండి. కాని మా చేపలు ఈడేరి వారమైంది. తొట్టి అడుగున బస్తాల కొద్దీ పొట్టు పరిచి ఉంచాం. ఇవాళ పొద్దున ఒక్క గుప్పెడు తీసి చూస్తే నలభై గుడ్లు. నీళ్లు తీసేస్తే చచ్చే జాతి కాదు ఇది. నీళ్లు తీసేస్తారని తెలిసే పుట్టిన జాతి.

ఎండగట్టండి. వాటికి ఇప్పుడు కావలసింది అదే.